గొంతు దాటని చదువు

కుందారపల్లిలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా చదవడానికి పవిత్రనే పిలిచేవారు. బ్యాంకు వాళ్ళు పంపినదైనా, ఆసుపత్రి చీటీ అయినా, రోడ్డు వెడల్పు చేస్తామని ఇచ్చిన నోటీసైనా సరే, ఆ పిల్ల నిలబడి, రెండు చేతులతో కాగితం పట్టుకుని, ఎక్కడా తడబడకుండా గడగడా చదివేసేది. ఊరు తమిళనాడులోది కాబట్టి, ఇంట్లో మాట తెలుగైనా బడిలో చదువు తమిళం, దానితోపాటు ఇంగ్లీషు. ఏ భాషైనా ఆమె గొంతులో ఒకేలా పలికేది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఎత్తాలో ఆ గొంతుకే తెలిసినట్టుండేది. తండ్రి మారప్ప, మామిడి కాపు బేరం చేయడానికి వచ్చిన వ్యాపారులను కూర్చోబెట్టి, కూతురిచేత పేపరు చదివించి, మీసాల కింద నవ్వు దాచుకునేవాడు.

చదవడం అయ్యాక ఎవరైనా "ఏమంటాడమ్మా ఇందులో?" అని అడిగితే, పవిత్ర మళ్ళీ మొదటినుంచీ చదివేది. రెండోసారి వింటే తమకే అర్థమవుతుంది కాబోలు అని వాళ్ళనుకునేవారు. పవిత్ర కూడా అలాగే అనుకునేది. చదవడమంటే అంతేనని, అంతకుమించి అందులో ఇంకేదో ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బడిలో ప్రార్థన దగ్గర వార్తలు చదివేది ఆమే. వార్షికోత్సవానికి స్వాగతం పలికేదీ ఆమే. పరీక్షలు దగ్గరపడితే పుస్తకం మొత్తం కంఠస్థం చేసేది. సంతలో మాట్లాడే తమిళం వేరు, పుస్తకాల్లో ఉండే తమిళం వేరు. ఆ రెండోదాన్ని ఆమె పాటలా పట్టేసి, పరీక్ష రోజున కాగితం మీద దించేసేది. అడిగిన ప్రశ్న పుస్తకం వెనకాల ఉన్న ప్రశ్నే అయితే చాలు, మార్కులు వచ్చేవి. ప్లస్ టూలో అలాగే మంచి మార్కులు తెచ్చుకుని, కృష్ణగిరిలో కాలేజీలో చేరింది. బి.ఎ. చరిత్ర, ఇంగ్లీషు మీడియం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

కాలేజీలో అన్నిటికంటే ఆమెకు నచ్చింది లైబ్రరీ. పొడుగాటి బల్లలు, ఎత్తయిన కిటికీలు, పేజీ తిప్పిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని గది. అక్కడ అమ్మాయిలు పెదవులు కదపకుండా చదువుతున్నారు. అది ఆమెకు వింతగా తోచింది. కిటికీ పక్కన ఒక సీనియరు రోజూ కూర్చునేది. చదువుతూ చదువుతూ ఆ పిల్ల మొహం మీద ఒక నవ్వు వచ్చేది. ఒక్కోసారి పుస్తకం మీద వేలు పెట్టుకుని బయట చెట్లవైపు చూస్తూ ఉండిపోయి, మళ్ళీ తలవంచుకుని చదివేది. ఆ పేజీలో ఏముందో అని పవిత్ర, ఆ పిల్ల వెళ్ళిపోయాక అదే పుస్తకం తీసి అదే పేజీ చదివింది. అక్షరాలన్నీ ఉన్నాయి. నవ్వు మాత్రం ఎక్కడా కనపడలేదు.

చరిత్ర చెప్పే శ్రీరామప్ప మాస్టారు పెద్దవాడు, నెమ్మదైన మనిషి. ఒకరోజు పవిత్రను లేపి పాఠంలో ఒక పేజీ చదవమన్నాడు. ఆమె చదివింది. క్లాసంతా నిశ్శబ్దంగా వింది. ఆయన సంతోషపడి, పుస్తకం మూసేసి, ఇప్పుడు అందులో ఏముందో తెలుగులోనో తమిళంలోనో నీకు వచ్చినట్టు చెప్పమ్మా అన్నాడు.

పవిత్ర ఆ పేజీ మొదటి వాక్యం చూడకుండా అప్పజెప్పింది. అది కాదమ్మా, నీ మాటల్లో, అన్నాడాయన. ఆమె నోరు తెరిచింది. మాటే రాలేదు. ఆయన కోప్పడలేదు, కూర్చోమన్నాడు. వెనక బెంచీల వాళ్ళు కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే కోపమైనా వచ్చేది. ఆ నిశ్శబ్దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఏడాది చివర పరీక్షల్లో ప్రశ్నలు పుస్తకం వెనకాలవి రాలేదు. ఇంగ్లీషు పేపరులో ఎప్పుడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, దాని మీద ప్రశ్నలడిగారు. చాలా పేపర్లు పోయాయి. ఇంటికొచ్చి, కాలేజీ తనకు పడలేదని, హోసూరులో పనికి పోతానని చెప్పింది. ఎవరైనా ఏమన్నా అన్నారా, దారిలో ఎవడైనా వెంటపడ్డాడా అని తల్లి కెంపమ్మ పదిసార్లు అడిగింది. లేదమ్మా అంది పవిత్ర. మారప్ప ఏమీ అడగలేదు. ఆ తరువాత ఇంటికి ఏ కాగితం వచ్చినా, కళ్ళు నొప్పిగా ఉన్నాయని ఆమె పక్కకు తప్పుకునేది.

హోసూరులో బండ్ల దీపాలకు వైర్లు కట్టే ఒక కంపెనీలో పని దొరికింది. ఊరి శివారు మత్తిగిరిలో కొంతమంది అమ్మాయిలు కలిసి ఉండే గదిలో చేరింది. ఉదయం కంపెనీ బస్సు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఒక్కోసారి పక్కన కాలేజీ బస్సు ఆగేది. ఒళ్ళో పుస్తకం పెట్టుకున్న పిల్లలు కిటికీ అవతల చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉండేవారు. పవిత్ర మొహం తిప్పుకోవాలనుకునేది. తిప్పుకోలేకపోయేది. పచ్చ సిగ్నలు పడగానే ఆ బస్సు ఒకవైపు, ఈ బస్సు ఒకవైపు పోయేవి. అలా ఏళ్ళు గడిచాయి.

ఆమె గొంతు సంగతి కంపెనీలోనూ తెలిసిపోయింది. షిఫ్టు మొదలయ్యే ముందు ఆ రోజు పని ఎలా చేయాలో ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చేది. సూపర్‌వైజరు చక్రి దాన్ని పవిత్ర చేతికిచ్చి గట్టిగా చదవమనేవాడు. కాదనలేక ఆమె చదివేది. రోజూ అదే పని కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఒకరోజు పద్ధతి మార్చి కొత్త కాగితం పంపారు. ముందు రబ్బరు తొడుగు వేసి, ఆ తరువాతే క్లిప్పు బిగించాలని అందులో ఉంది. పవిత్ర స్పష్టంగా చదివింది. అందరూ విన్నారు. అందరూ, పవిత్రతో సహా, ఎప్పటిలాగే ముందు క్లిప్పు బిగించారు. మధ్యాహ్నానికి ఆ పూట చేసిన సరుకంతా వెనక్కి వచ్చింది.

చక్రి గొంతు చించుకున్నాడు. క్వాలిటీ విభాగంనుంచి ప్రవీణ అనే ఆవిడ వచ్చి, ఆ కాగితం మళ్ళీ చదవమంది. పవిత్ర మళ్ళీ తప్పు లేకుండా చదివింది. అందులో ఏం చేయమన్నారని ప్రవీణ అడిగింది. శ్రీరామప్ప మాస్టారి క్లాసులో నిలబడ్డట్టే పవిత్ర నిలబడింది. ప్రవీణ ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, అక్కడ ఇంకేమీ అడగకుండా, తప్పంతా కాగితం రాసినవాళ్ళదేనని, తెలుగులోనూ తమిళంలోనూ రాసి పంపాల్సిందని చక్రితో చెప్పి వెళ్ళిపోయింది.

టీ సమయంలో మాత్రం వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "నీకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు కదూ?" అని మెల్లగా అడిగింది.

పవిత్ర టీ గ్లాసు కింద పెట్టింది. "చిన్నప్పట్నించీ ఇట్లే మేడమ్," అంది. "చదివేది వస్తుంది. లోపలికి పోదు."

ఈ మాట ఆమె అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ప్రవీణది ఒంగోలు. అక్కడ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసింది. భర్త గోపీచంద్‌కు హోసూరులో ఇంజనీరు ఉద్యోగం రావడంతో వచ్చేసింది. ఇక్కడ పాఠాలు చెప్పే ఉద్యోగమేదీ కుదరక, కాగితాలు సరిచూసే ఈ పనిలో చేరింది. జీతం బాగానే ఉంది. అయినా ప్రతి జూన్ నెలలోనూ, కొత్త పిల్లలు క్లాసుల్లోకి వస్తూ ఉంటారు కదా అని గుర్తొచ్చి, ఆ నెలంతా ఏమీ తోచదట. ఆ సంగతి తనే చెప్పి, ఆదివారాలు ఇంటికి రా, ఇద్దరం కూర్చుందాం, అంది.

ప్రవీణ ఇల్లు మత్తిగిరిలోనే, పశువుల ఫారం వైపు. మేడమీద కూర్చుంటే ఫారం పచ్చిక బయళ్ళు, దూరంగా మేసే ఆవులు కనిపించేవి. మొదటి ఆదివారం ప్రవీణ ఒక చిన్న ఇంగ్లీషు పేరా చేతికిచ్చి, గొంతు బయటికి రాకుండా చదవమంది. పవిత్రకు అది చేతకాలేదు. పెదవులు వాటంతటవే కదిలేవి. గొంతు ఆపేస్తే అక్షరాలు ఎండిపోయిన ఆకుల్లా కనిపించేవి. కాలేజీలో వాడిన పాత పుస్తకమొకటి గదిలో ఉంటే మరోవారం తెచ్చి చూపించింది. అందులో ప్రతి లైను కిందా గీత ఉంది. అన్నీ ముఖ్యమేనా అని ప్రవీణ అడిగితే, ఏది కాదో తెలియక అన్నీ గీసినానని చెప్పింది పవిత్ర.

గీతలు మాని పక్కన ఒక ప్రశ్న రాయమంది ప్రవీణ. చదవబోయే ముందు పాఠం పేరు చూసి, ఇందులో ఏముండొచ్చో కాసేపు ఊహించమంది. తెలియని మాట వస్తే అక్కడే కూలబడకుండా ముందుకు పోయి, దాని అర్థమేమిటో అటూ ఇటూ ఉన్న మాటలను అడగమంది. ఒక పేరా కాగానే పుస్తకం మూసి, అందులో ఉన్నది తెలుగులో చెప్పమనేది. ఇదే అన్నిటికంటే కష్టం. పవిత్ర ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఒక్కొక్క తెలుగు మాట పేర్చి చెప్పేది. మీ అమ్మతో ఇలాగే చెప్తే ఏమంటుంది అని ప్రవీణ అడిగింది. పిచ్చి పట్టిందా అంటుంది అని పవిత్ర చెప్పగానే ఇద్దరికీ నవ్వాగలేదు.

వారాలు గడిచినా పెద్దగా మార్పు కనపడలేదు. ఇంత వయసొచ్చి ఒకటో తరగతి పిల్లలా కూర్చోవడమేమిటి అనుకుని ఒక ఆదివారం వెళ్ళడం మానేసింది. ఆ సాయంత్రమంతా గదిలో కూర్చోలేక, బయట తిరగలేక, ఏదో పోగొట్టుకున్నదానిలా అయిపోయింది. మరుసటి వారం ముందుగానే వెళ్ళి మేడమీద కూర్చుంది. ఎందుకు రాలేదని ప్రవీణ అడగలేదు.

ఒకరోజు కంపెనీ బస్సులో, ప్రవీణ ఇచ్చిన కాగితం తీసి చదువుతోంది. అందులో ఒక మనిషికి ఎప్పుడూ రైలు తప్పిపోతూ ఉంటుంది. ఇక తప్పకూడదని ఊళ్ళోకెల్లా పెద్ద గడియారం కొంటాడు. దాన్ని భుజాన మోసుకుని స్టేషనుకు పరుగెత్తుతాడు. బరువు మోయలేక దారిలో ప్రతి అరుగు మీదా దించుకుంటూ, దించినప్పుడల్లా టైము చూసుకుంటూ, ఇంకా బోలెడు సమయముందని సంతోషపడుతూ పోతాడు. పవిత్ర ఫక్కున నవ్వింది. నవ్వాక ఉలిక్కిపడింది. చదువుతున్నంతసేపూ తన పెదవులు కదలలేదు. అర్థం ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఆ మనిషి గడియారం మోసుకుంటూ నేరుగా ఆమె ఎదుటికే వచ్చాడు.

పక్కన కూర్చున్న దివ్యశ్రీ, ఆమె గదిలోనే ఉండే పిల్ల, ఏమిటని అడిగింది. పవిత్ర ఆ కథంతా తెలుగులో చెప్పింది. దివ్యశ్రీ కూడా నవ్వింది. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చున్న ఆ సీనియరు మొహం పవిత్రకు గుర్తొచ్చి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ తరువాత ఆమెకు చదువు ఆకలిలా పట్టుకుంది. మందుల డబ్బా మీద రాసింది, షేర్ ఆటోలో అతికించిన ప్రకటన, ఏది కనిపించినా చదివి, ఏమంటున్నాడో తనలో తను చెప్పుకునేది. కానీ సంతోషం వెంటే ఒక బాధ కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ తన నోటిగుండా పోయిన పేజీలన్నీ ఏమయ్యాయి? వాటిలో ఎవరెవరున్నారు? వాళ్ళెవరినీ తను చూడలేదు.

సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు కాలేజీ చరిత్ర పుస్తకాన్ని వెంట తీసుకుపోయింది. టమాటా తోటలో తండ్రి నీళ్ళు మళ్ళిస్తుంటే, గట్టు మీద కూర్చుని, శ్రీరామప్ప మాస్టారు చదివించిన పేజీ తెరిచింది. ఆగి ఆగి, పక్క మాటలను అడుగుతూ చదివింది. అది తెల్లదొరల కాలంలో వచ్చిన పెద్ద కరువు గురించి. వాన లేక పంటలు పోయి, గింజలు దొరక్క, జనం పిల్లలను చంకనేసుకుని దారులు పట్టి నడిచారు. నడుస్తూ నడుస్తూ దారుల్లోనే పడిపోయారు. ఈ వైపు ఊళ్ళూ అందులో ఉన్నాయి. పవిత్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

మారప్ప పార పక్కన పెట్టి వచ్చాడు. ఏమైందమ్మా అని అడిగాడు.

"ఈ పేజీలో జనం ఆకలికి చచ్చిపోతారు నాయనా. కాలేజీలో దీన్ని అందరి ముందర నిలబడి చదివినాను. బాగా చదివినావు అన్నారు. దీంట్లో మనుషులు చచ్చిపోతారని నాకు తెలీదు."

మారప్పకు వెంటనే అర్థం కాలేదు. ఆమె అప్పుడు అన్నీ చెప్పింది. ఊళ్ళో కాగితాలు చదివినప్పుడు తనకేమీ తెలిసేది కాదని, కాలేజీ పడలేదన్నది అబద్ధమని, కంపెనీలో జరిగింది, ఆదివారాలు ప్రవీణ దగ్గర కూర్చోవడం, ఏదీ దాచలేదు.

మారప్ప గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "నీ గొంతు విని నీకన్నీ తెలుసనుకొన్నాము," అన్నాడు. "ఏమంటాడమ్మా అని అడిగితే మళ్ళా చదివేదానివి. తెలిసిన పిల్లను ఊరికే అడిగి ఇబ్బంది పెట్టేది ఎందుకని, అడిగేది మానేసినాము." పుస్తకం వైపు చూపించి, "ఇప్పుడు చెప్పు. ఏమంటాడు ఆడ?" అన్నాడు.

పవిత్ర పుస్తకం మూసింది. ఆ పేజీ మొత్తం తెలుగులో, మెల్లగా, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పింది. సద్ది తెచ్చిన కెంపమ్మ గిన్నె దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ముత్తాతల కాలంలో తమ ఇంటివాడొకడు గింజల కోసం కోలారు వైపు నడిచిపోయి తిరిగి రాలేదని తన అవ్వ చెప్పేదని మారప్ప అన్నాడు. అతని పేరేమిటని పవిత్ర అడిగింది. పేరు ఎవరికీ గుర్తు లేదు. కాలువ నిండి నీళ్ళు పక్క మడిలోకి పోతున్నా ముగ్గురూ లేవలేదు.

మళ్ళీ కాలేజీకి పోతావా అని ఆ సాయంత్రం మారప్పే అడిగాడు. పవిత్రకు పోవాలనే ఉంది. ఉదయం వెళ్ళి సాయంత్రం దాకా క్లాసుల్లో కూర్చునే కాలేజీకి, లైబ్రరీ ఉన్న కాలేజీకి పోవాలని ఉంది. ప్రవీణ తెలిసినవాళ్ళనందరినీ కనుక్కుంది. రెగ్యులరు క్లాసుకు వయసు దాటిపోయిందని ఒకరన్నారు, పాత పేపర్లు పాసైతే తప్ప కుదరదని ఇంకొకరన్నారు. కంపెనీ పని వదిలితే గది అద్దె ఎలా కట్టాలన్నది ఎలాగూ ఉంది. చివరికి దూరవిద్యలో చేరింది. మళ్ళీ చరిత్రే. పుస్తకాలు ఇంటికే వచ్చాయి. పేజీ పక్కన ఖాళీ స్థలమంతా పెన్సిలు ప్రశ్నలతో నిండిపోయింది.

ఆమె చేరిన కొద్ది నెలలకే ప్రవీణకు ఒంగోలులో మళ్ళీ లెక్చరరు ఉద్యోగం వచ్చింది. గోపీచంద్ కూడా బదిలీకి ప్రయత్నిస్తున్నాడు, అంతవరకు వేరువేరుగా ఉండక తప్పదు. చివరి ఆదివారం మేడమీద పుస్తకం తెరిచారే గాని ఎవరూ చదవలేదు.

"నీతో కూర్చోకపోతే నేను ఆ ఉద్యోగానికి దరఖాస్తు రాసేదాన్నే కాదు," అంది ప్రవీణ.

"పొయ్యి రా అక్కా. ఆడుండే పిల్లోళ్ళను కూడా ఇట్లే అడుగు," అంది పవిత్ర. మేడమ్ అనే పిలుపు ఎప్పుడు అక్కాగా మారిందో ఇద్దరికీ తెలియదు.

ప్రవీణ వెళ్ళాక ఆదివారాలు ఖాళీ అయిపోయాయి. ఫోనులో మాట్లాడుకుంటారు. కొత్త పిల్లల పనిలో పడి ప్రవీణ ఫోను తగ్గింది. అది మంచిదేనని పవిత్ర అనుకుంటుంది. అనుకున్నా, ఏదైనా మంచి పేరా చదివినప్పుడు మూసి ఎవరికి చెప్పాలా అని ఒక్క క్షణం చుట్టూ చూస్తుంది. దివ్యశ్రీ ఉంటే ఆమెకు చెబుతుంది. లేకపోతే ఊరికి ఫోను చేసి తండ్రికి చెబుతుంది. పాసవుతావా అని ఆయన ఎప్పుడూ అడగలేదు. కిందటిసారి చెప్పిన ఆ రాజు తరువాత ఏమైనాడని అడుగుతాడు.

మొదటి ఏడాది పరీక్షల్లో అన్ని పేపర్లూ పాసైంది. గొప్ప మార్కులేమీ కావు. చూడని పేరా ఇచ్చి అడిగిన ప్రశ్నలకు మాత్రం మంచి మార్కులొచ్చాయి. ఆ మార్కుల కాగితం చూసి చక్రి కూడా చాక్లెట్లు అడిగాడు.

ఇప్పుడు రెండో ఏడాది. దూరవిద్య వాళ్ళకు అప్పుడప్పుడు ఆదివారం హోసూరులోనే ఒక కాలేజీలో క్లాసులు పెడతారు. అక్కడ లైబ్రరీ ఉంది. కానీ ఆదివారం తెరవరు. ఒక్క గంట కూర్చోనిస్తారా అని పవిత్ర వాచ్‌మన్ మోహన్‌కుమార్‌ను అడిగింది. ఆయన మంచివాడే. తాళంచెవి తన దగ్గర ఉండదమ్మా అని చెప్పాడు. ఆమె అద్దానికి చేతులడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. వరసలుగా బల్లలు, వాటి మీద బోర్లించిన కుర్చీలు, గోడపొడవునా పుస్తకాలు. దగ్గరి అరలో కొన్నిటి పేర్లు చదవడానికి వీలయింది. ఒక్కొక్క పేరూ చూసి, ఇందులో ఏముండొచ్చో అని ఊహించుకుంటూ కాసేపు నిలబడింది. మధ్యాహ్నం క్లాసుకు ఇంకా సమయం ఉంది. అక్కడే మెట్ల మీద కూర్చుని, చేతిలో ఉన్న పుస్తకం తెరిచింది.